కంప్రెసర్ ఇప్పిన మేస్త్రీ

పోయిన వారం పుంగనూరు బస్టాండులో టీ తాగతా ఉంటే టైర్ల కొట్టాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. "మేస్త్రీ పోయినాడంటప్పా, మదనపల్లెలో" అన్నాడు. యా మేస్త్రీ అని నేను అడగలేదు. మా పక్క మేస్త్రీలకు కొదవ లేదు. ఇండ్లు కట్టేటోళ్ళూ మేస్త్రీలే, గుడ్డలు కుట్టేటోళ్ళూ మేస్త్రీలే, లారీల కింద పండుకోని పని చేసేటోళ్ళూ మేస్త్రీలే. అయినా నేను బాడుగ కారు తోలిన కాలంలో, బండి తోలినోడు ఇంకొకడితో ఊరక "మేస్త్రీ" అన్నాడంటే ఆయన ఒక్కడే. టీ సగంలో పెట్టేసి మదనపల్లె బస్సెక్కినా. నేను పొయ్యేసరికి ముందురోజే అంతా అయిపోయిందని చెప్పినారు. షెడ్డుకు తాళం ఏసుండాది. ఆడ కాసేపు నిలబడి ఇంటికొచ్చేసినా.

ఆయన పేరు నాకు తెలీక కాదు. బతికుండంగా ఎవురూ పేరు పెట్టి పిలిసింది లేదు. ఇప్పుడు నేను పిలిస్తే వేరే ఎవురినో పిలిసినట్టుంటాది. అందుకే మేస్త్రీ అనే అంటా. ఆయన్ను తలుసుకుంటే నాకు మొట్టమొదట గుర్తొచ్చేది నా కారులోనించి ఆయన ఇప్పిన ఏసీ కంప్రెసరు. ఆ ఇనప ముద్ద మీద మా బామ్మర్ది సేద్యం నిలబడాలో పడాలో తేలతాదని ఆ పొద్దు మాలో ఎవురికీ తెలీదు.

మనిషి సన్నం. నవ్వితే శబ్దం రాదు, భుజాలు మాత్రం ఎగురుతాయి. పుంగనూరు రోడ్డులో రేకుల షెడ్డు. దాంట్లో ఒక పాత బస్సు సీటు, ఒక నీళ్ళ కుండ, గోడకు మేకులు కొట్టి తగిలించిన పాత బెల్టులు, అంతే ఆయన ఆస్తి. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. బోల్టుతో మాట్లాడేటప్పుడు మాత్రం ఎప్పుడూ ఉర్దూనే. తుప్పు పట్టిన బోల్టు రాకపోతే దాని దగ్గరికి మొగం పెట్టి "జరా సబర్, జరా సబర్" అని, రవ్వంత ఓర్చుకోమని బుజ్జగిస్తాడు. "యాల మేస్త్రీ, బోల్టుకు తెలుగు రాదా?" అని నేనొకసారి ఎగతాళి చేస్తే, "దానికి వస్తాదప్పా. నాకే తెలుగులో తిట్లు బాగా వస్తాయి. అందుకని భయం" అన్నాడు.

ఆయనలో తప్పే లేదని నేను చెప్పను. బండి యాపొద్దు ఇస్తావు అంటే "సాయంత్రానికి" అంటాడు. యా సాయంత్రమో ఎవురూ చెప్పించుకోలేకపోయినారు. మనం పోయి అరిస్తే, కోపం తెచ్చుకోడు, బదులు చెప్పడు, మన అరుపు అయిపోయేదాకా గుడ్డతో చేతులు తుడుసుకుంటా నిలబడతాడు. నాలాంటి కోపిష్టి మనిషికి అంతకంటే శిక్ష ఇంకేం కావాల? నేను అరిసి అరిసి అలిసిపోయి నీళ్ళు తాగాలంటే, ఆ కుండలో నీళ్ళు ముంచి ఇచ్చేదీ ఆయనే.

ఇంకొక సంగతి చెప్తే నమ్మరు. ఇన్ని కార్లు బాగు చేసిన మనిషికి కారు తోలను రాదు. షెడ్డులోంచి బండి బయటికి తీయాలంటే మమ్మల్నే పిలుస్తాడు. "లోపల ఏం జరగతాండాదో తెలిసినోడు ఎట్లప్పా తోలతాడు? భయం కాదా?" అంటాడు. యాడికి పోవాలన్నా బస్సే. బస్సులో డ్రైవరు పక్కన ఇంజను దగ్గరి సీటు దొరికితేనే ఎక్కుతాడు, లేకుంటే తర్వాత బస్సుకు నిలబడతాడు. డ్రైవరు గేరు మార్చినప్పుడంతా ఈయన మొగం చిట్లిస్తాడు. కుప్పం బస్సు డ్రైవరొకాయన ఓర్చుకోలేక, "మేస్త్రీ, నువ్వు ఎనక్కి పోయి కూర్చో, నాకు చెమటలు పడతాండాయి" అన్నాడంట.

అయన్నీ ఒక ఎత్తు, బోల్టులు ఇప్పే పద్ధతి ఒక ఎత్తు. ఇప్పిన బోల్టును ఆయన కింద పెట్టడు, డబ్బాలో ఎయ్యడు. బండి ఓనరు పక్కనే నిలబడాల, రెండు చేతులూ దోసిలి పట్టాల, ఆయన ఒకటొకటే ఇప్పి దాంట్లో పెడతాడు. తెల్లచొక్కా ఏసుకోనొచ్చిన పెద్దమనుషులైనా అంతే. "నీ బండి బరువు నువ్వు రవ్వంతన్నా మోయాల కదప్పా" అంటాడు. దోసిట్లో గ్రీజు కారతా ఉంటే ఎంత పొగరుమోతైనా అణిగిపోతాడు. మళ్ళీ బిగించేటప్పుడు మన చేతిలోంచి ఏరుకుంటాడు. ఒక్క బోల్టు తక్కువైనా మన జేబులు వెతికిస్తాడు.

ఇంక నా కారు సంగతి. బెంగళూరులో ఎవురో కాఫీ తోటలాయన వాడి వాడి విడిసిపెట్టిన అంబాసిడరు. దానికి ఆయన ఏసీ పెట్టించుకోనుండినాడు. ఆ కాలంలో మదనపల్లెలో ఏసీ కారంటే మాటలా? నేను ఆ పేరు సూసే కొన్నా. కొన్న వారానికే అది చల్లగాలి మానుకోని వేడిగాలి పట్టుకునింది. అయినా పేరు పోలేదు. పెండ్లిళ్ళకు నా బండే కావాలని పోటీ పడేటోళ్ళు.

ఒకసారి పుంగనూరు నుంచి కుప్పానికి పెండ్లి పార్టీ. ఎండాకాలం. ఏసీ పని చెయ్యదు, అద్దాలు దించుకోండి అని ముందే చెప్పినా. పెండ్లికొడుకు మేనమామ వినలేదు. "అద్దాలు దించితే ఏసీ కారని దోవలో ఎవురికి తెలుస్తాది?" అన్నాడు. అద్దాలన్నీ ఎత్తుకోని కుప్పం దాకా పోయినారు. ఆడ దిగేసరికి పెండ్లికొడుకు బొట్టు కారి ముక్కు మీదికొచ్చింది, చొక్కా పిండితే చెంబెడు నీళ్ళు వచ్చేటట్టుండె. ఆడపెండ్లోళ్ళు పిల్లోడికి జొరమని గుసగుసలు మొదులుపెట్టినారు. మేనమామ నా మింద పడినాడు. అదీగాక తిరుగుదోవలో మిట్ట ఎక్కలేక రేడియేటరు ఉడికి, బండి నిలబడిపోయి, కంప్రెసరు కీచుమని అరిసి బెల్టు తెంపుకునింది.

ఆ కోపంతో షెడ్డుకు పోయినా. బానెట్టు ఎత్తి, "మేస్త్రీ, ఈ కంప్రెసర్ను పీకి పారేయి" అన్నా.

ఆయన బస్సు సీటు మింద కూర్చోని టీని సాసర్లో పోసుకోని ఊదుకుంటా ఉండినాడు. లేవలేదు. "పండ్లు పీకాలంటే ఆస్పత్రికి పో అప్పా. ఈడ పీకేది లేదు" అన్నాడు.

"అదేందిది? నా బండి, నా కంప్రెసరు, నేను పీకమంటే పీకవా?"

"పీకను."

నేను పెద్దగా అరిసినా. ఆయన టీ తాగతానే ఉండినాడు. నా అరుపు అయిపోయినాక, "సరే సామీ, ఇప్పు" అన్నా, ఇంకేం అనాలో తెలీక. ఆ మాటకు లేసినాడు. "ఆఁ, ఇప్పుతా. పీకితే ఇంక పెట్టేదానికి కుదరదప్పా. ఇప్పితే మళ్ళా బిగించుకోవచ్చు. ఎవుడో ఒకడు యాడో బెంగళూర్లో కూర్చోని దీన్ని మనసు పెట్టి బిగించినాడు కదా. వాడు సూస్తే బాధపడకూడదు" అని చెప్పి, నన్ను దోసిలి పట్టమన్నాడు.

మొదట పైపులు. దాంట్లో గ్యాసు ఇంకా రవ్వంత మిగిలుంటాదని నన్ను పక్కకు జరగమన్నాడు. తడిగుడ్డ చుట్టి, మొగం ఆ పక్కకు తిప్పుకోని, నట్టును రవ్వంత రవ్వంతగా సడలించినాడు. బుస్సుమనింది. అది ఆగినాక గుడ్డ తీసి సూపించినాడు. మే నెల ఎండలో ఆ గుడ్డ మింద తెల్లగా మంచు పేరుకోనుండాది. పక్క సైకిలు షాపాయన్ను, ఎదురుగా మునక్కాయలు అమ్మే ఆమెను పిలిసి, "రాండి, మదనపల్లెలో మంచు పడింది, సూడండి" అన్నాడు. అందురూ వచ్చి సూసినారు. కరిగిపొయ్యేదాకా ఆయన పని ఆపి ఆ గుడ్డ పట్టుకోనే నిలబడినాడు. పని ఆలస్యమవతాందని అరవబోయి, ఆయన మొగంలో సంతోషం సూసి నేనూ ఆ గుడ్డ దగ్గరికే జరిగినా.

ఆమీట రేడియేటరు ముందర అడ్డంగా ఉండే ఏసీ జల్లిపెట్టె తీసినాడు. "ఈ జల్లి గాలికి అడ్డం పడి నీ బండికి ఊపిరాడలేదప్పా. ఉడక్క ఏం చేస్తాది?" అన్నాడు. కంప్రెసరుకు చోటు కోసరం బెంగళూరోళ్ళు డైనమోను పక్కకు జరిపి ఏదో ఇనప పలకతో కట్టినారు. కంప్రెసరు ఇప్పేస్తే డైనమో గాల్లో ఉంటాది. ఇంకొకరైతే అట్లనే కట్టి పంపిస్తారు. ఈయన పాత కమాను కట్ట కోసి, కాల్చి, వంచి, బొక్కలు ఏసి, డైనమోను మొదుట యాడుండెనో ఆడికే తెచ్చి నిలబెట్టినాడు. దానికి రెండు "సాయంత్రాలు" పట్టె.

కంప్రెసరును ఇప్పి కిందికి దించినప్పుడు దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకున్నాడు. దాని రెండు బొక్కలకూ శుభ్రమైన గుడ్డముక్కలు దూర్చి దుమ్ము పోకుండా కట్టినాడు. బేరింగు అరిగింది తప్ప లోపల ఏం చెడలేదంట. పాత సామాన్లోళ్ళకు ఏసేస్తానంటే వద్దన్నాడు. "ఈడే పడుండనీ. నీకు అన్నం పెట్టమని అడగతాందా?" అని బస్సు సీటు కిందికి తోసినాడు. నా బండి ఆ పొద్దుతో ఏసీ పేరు పోగొట్టుకోని, మిట్టలన్నీ హాయిగా ఎక్కడం మొదులుపెట్టింది.

ఇప్పుడు మా బామ్మర్ది సంగతి చెప్పాల. నా భార్య తమ్ముడు. తంబళ్లపల్లె పక్క పల్లె వాళ్ళది. వాళ్ళ నాయన, వాళ్ళ తాత అంతా ఒక పెద్దరైతు చేలల్లో కూలి చేసి బతికినోళ్ళు. వీడూ చిన్నప్పటినుంచీ ఆ చేలల్లోనే. గొర్రెలు మేపి మేపి, అయి అమ్మి, రెండెకరాల మెట్ట కొనుక్కున్నాడు. దాంట్లో ఒక పాత బావి, బావి మింద ఒక ఆయిలింజను. వీడు కొన్న ఏడే బావి ఎండింది. బోరేపించినాడు. నీళ్ళు పడినాయి గానీ లోతులో ఉండాయి, ఆయిలింజను పంపుకు అందవు. మా పక్క అట్లాంటి బోర్లకు కంప్రెసరు పెడతారు. అది లోపలికి గాలి కొడితే నీళ్ళు పైకొస్తాయి. పెద్ద రైతులకే ఉండె అది. వీడికి యాడనుంచి వస్తాది? టమేటా నాటి, మొగుడూ పెండ్లామూ ఊరి బోరింగునుంచి కడవలతో మోసి పోస్తా ఉండినారు. చెట్లు తల వంచేసినాయి. పెద్దరైతు గుమాస్తా దోవలో కనపడినప్పుడంతా, "నీ పార ఆడ్నే పెట్టుండామురా, యాపొద్దైనా రా" అంటా ఉండినాడంట. ఆ మాట మా ఇంట్లో చెప్తా వాడు ఏడిసినాడు. "అక్కా, నాకు ఆకలైనా పరవాలేదు. ఆ పార మళ్ళా పట్టుకోలేను" అన్నాడు.

ఆ తర్వాత సంతలో మా ఆవిడ వాళ్ళ ఊరామె ఎవురో కనపడితే మాటల్లో, "మా ఇంటాయన కారులో కంప్రెసరు ఇప్పించి షెడ్డులో ఊరకే పడేసినాడు" అనింది. ఆ మాట పల్లెకు పోయింది. పల్లెలో కంప్రెసరంటే ఒకటే, బోరుకు పెట్టేది. మరుసటి పొద్దు మా బామ్మర్ది మొదుటి బస్సుకు దిగినాడు. చేతిలో మోకు, రెండు గోనెసంచులు, మోయడానికి లావుపాటి గడ. నేరుగా షెడ్డుకే వచ్చినాడు. నేను ఆడ్నే ఉండినా, ఇంకో ఇద్దురు డ్రైవర్లు కూడా ఉండినారు.

"బావా, కంప్రెసర్ యాడుండాది? బస్సు మిందికి ఎక్కించుకోని పోతా" అన్నాడు.

నేను సీటు కింద సూపించినా. వాడు వంగి సూసినాడు. గడ పక్కకు పెట్టి ఇంకోసారి సూసినాడు. "ఇది దాని పిల్లనా?" అన్నాడు.

డ్రైవర్లిద్దురూ పడీ పడీ నవ్వినారు. "కారును సల్లంగా చేసేదిరా అది. నీ బోరుకు పెడితే ఐసు నీళ్ళొస్తాయి, సోడా షాపు పెట్టుకో" అన్నాడు ఒకాయన. నాకు కోపం వచ్చింది, నవ్విన వాళ్ళ మింద కాదు, వాడి మింద. "కంప్రెసరంటే అన్నీ ఒకటేనంట్రా? అడిగి తెలుసుకోని రాకూడదా?" అని గదమాయించినా. వాడు తలకాయ వంచుకోని మోకు చుట్టుకుంటా, "కంప్రెసరంటే గాలి కొట్టేదే కదా బావా అనుకున్నా" అన్నాడు.

మేస్త్రీ నవ్వలేదు. బోల్టు పట్టుకున్న చెయ్యి అట్లనే ఆపి వాడి దిక్కే సూస్తా ఉండినాడు. చేతులు తుడుసుకోని వచ్చి సీటు కింద నుంచి కంప్రెసరు బయటికి తీసినాడు. బొక్కలకు కట్టిన గుడ్డలు ఇప్పినాడు. ఒక బొక్క మింద తన బొటనవేలు పెట్టి, ఇంకో చేత్తో చక్రం ముందరుండే పలకను తిప్పినాడు. కాసేపు అట్లనే తిప్పినాక, మా బామ్మర్ది చెయ్యి పట్టుకోని వాడి బొటనవేలు దాని మింద పెట్టి మళ్ళీ తిప్పినాడు. వాడి వేలు టప్పున ఎగిరింది.

"ఏం చేసింది?" అని అడిగినాడు మేస్త్రీ.

"గాలి కొట్టింది మేస్త్రీ."

"కొట్టింది కదా." మా దిక్కు తిరిగినాడు. "ఆయప్ప చెప్పిందాంట్లో తప్పేముండాది? దాన్ని సల్లగా చెయ్యమనింది మనం. దానికి తెలిసిన పని ఒకటే, గాలి తొయ్యడం."

ఆ పొద్దు నుంచి ఈ పని అయ్యేదాకా ఆయన వేరే బండి ముట్టుకోలేదు. బేరింగు మార్చినాడు. దాని లోపలిది తిరగాలంటే కరెంటు కావాల, బ్యాటరీ లేకపోతే చక్రం ఒకటే ఊరకే తిరగతాది. అందుకని చక్రానికీ ముందర పలకకూ వెల్డింగు పెట్టించి రెండూ ఒకటి చేసినాడు. "పెద్ద కంప్రెసరు పని ఇది చెయ్యలేదప్పా. ఆశ పెట్టుకోవద్దు. ఎంత వస్తే అంత" అని మా బామ్మర్దికి మొగం మిందనే చెప్పినాడు. వాడు తల ఊపినాడు గానీ ఆశ యాడికి పోతాది, కండ్లలోనే ఉండె.

తంబళ్లపల్లె బస్సులో ముగ్గురం పోయినాం. మేస్త్రీకి ఇంజను పక్క సీటు దొరికింది. కంప్రెసరును గోనెసంచిలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. దోవ పొడుగునా ఒక పక్క గేర్లకు మొగం చిట్లించడం, ఇంకో పక్క సంచి జారకుండా పట్టుకోవడం. బస్సు దిగి చేను దాకా నడిసినాం. దోవ పక్కన టమేటా చెట్లు సూసి ఆయన, "ఇయ్యేనా?" అన్నాడు. వాడు అవునన్నాడు. ఆకులు ముడుసుకోని కాగితాల మాదిరి ఉండాయి.

ఆయిలింజనుకు ఎదురుగా రెండు చెక్కలు పాతి కంప్రెసరు బిగించినాడు. బోల్టులు పట్టుకునేది ఈసారి మా బామ్మర్ది దోసిలి. బెల్టు ఏసి, గాలి పైపును బోరులోకి దించినాం. ఊరోళ్ళు ఒకరొకరే వచ్చి గట్టు మింద కూర్చున్నారు. ఇంజను తిప్పినారు. కంప్రెసరు తిరిగింది. బోరులో గుడగుడమనింది, అంతే. నీళ్ళు రాలేదు. కాసేపు సూసి, గట్టు మిందాయన ఒకడు, "బోరుకు కడుపునొప్పిగా ఉండాదే" అన్నాడు. లేసి పోదామా అనిపించింది. మా బామ్మర్ది పెండ్లాము కొంగు నోటికడ్డం పెట్టుకోని నిలబడుండాది.

మేస్త్రీ ఇంజను ఆపమన్నాడు. పురికొసకు రాయి కట్టి బోరులోకి వదిలి, చెవి పెట్టి విన్నాడు. పైకి లాగి తడి యాడిదాకా ఉండాదో వేళ్ళతో పట్టి సూసినాడు. "మనం దీన్ని మరీ లోతుకు దించేసినాం. ఆడ నీళ్ళ బరువు ఎక్కువ, దీని దమ్ము సాలదు. దాని దమ్ము ఎంతుండాదో ఆడికి మనమే రావాల" అన్నాడు. ఇంజను మళ్ళా తిప్పించి, పైపును మూరెడు మూరెడు పైకి లాగమన్నాడు. లాగినప్పుడంతా బోరు మూతి దగ్గర చెవి పెట్టి "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటాడు. ఒకచోట చెయ్యెత్తి ఆపమన్నాడు.

బోరు దగ్గినట్టు దగ్గింది. ఎర్రటి బురద ఒక పుక్కెడు బయట పడింది. మళ్ళీ దగ్గింది. ఆమీట నీళ్ళు. చిటికెన వేలంత లావు, ఆగి ఆగి, మధ్యలో గాలి ఉమ్ముకుంటా, నూనె వాసన కొడతా. "ఉచ్చ పోస్తాండాదే" అని గట్టు మింద నవ్వినారు. నవ్వనీ. మా బామ్మర్ది మోకాళ్ళ మింద కూర్చోని ఆ నీళ్ళ కింద రెండు చేతులూ పెట్టినాడు. రవ్వంత రవ్వంతగా నీళ్ళు తేటబడినాయి.

అప్పుడే గుమాస్తా సైకిలు మింద వచ్చినాడు. కాలు నేలకానించి, ఇంజను సద్దుకు గొంతు పెంచి, "రేయ్, రేపు చెనక్కాయ పెరికేది ఉండాది. పొద్దున్నే వచ్చేయి" అన్నాడు. యాపొద్దూ అడిగే పద్ధతే అది, వస్తావా అని కాదు.

వాడు లేసి నిలబడినాడు. చేతులనుంచి నీళ్ళు కారతాండాయి. "రేపు కుదరదు" అన్నాడు.

"ఏం, యాడికి పోతావు?"

"యాడికీ పోను. నా చేనికి నీళ్ళు కట్టాల."

గుమాస్తా బోరు దిక్కు సూసినాడు, ఆ చిటికెన వేలంత నీళ్ళ దిక్కు సూసినాడు, సైకిలు తొక్కుకుంటా పోయినాడు. మా బామ్మర్ది ఆ ఏడు సగం చేను టమేటా కాపాడుకున్నాడు. మిగిలిన సగం ఎండింది, అబద్ధం ఎందుకు? ఆ మరుసటేడు మంచి వానలు పడినాయి. ఆ తర్వాత వాడే పెద్ద కంప్రెసరు పెట్టించుకున్నాడు. ఇంకొకరి చేలోకి మాత్రం మళ్ళా పోలేదు.

గుమాస్తా పోయినాక మేస్త్రీని సూస్తే ఆయన ఆడ లేడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుసుకోని, ఆ నీళ్ళు పట్టిన ఒక డబ్బా ఎత్తుకోని చెట్ల మధ్యలో నిలబడుండాడు. కాలవ కట్టేంత నీళ్ళు లేవు కదా, చెట్టుచెట్టుకూ పొయ్యాల. నల్లటి చేతులతో డబ్బా పట్టుకోని, ఒక చెట్టు ముందర వంగి, పొయ్యకుండా అట్లనే ఆగిపోయినాడు. ఏమైందో అని మా బామ్మర్ది పరిగెత్తి పోయినాడు. నేనూ ఎనకనే పోయినా.

"ఇన్నేండ్లూ రేడియేటర్లకే పోసినానప్పా నీళ్ళు" అన్నాడు మేస్త్రీ. "చెట్టుకు పోసేది ఇదే మొదులు. యాడ పొయ్యాల? గబాన పొయ్యాలా, మెల్లింగా పొయ్యాలా? చెప్పు, నాకు తెలీదు."

మా బామ్మర్ది ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. వేలితో చెట్టు మొదుట్లో మన్ను రవ్వంత గుంట చేసినాడు. "మెల్లింగా మేస్త్రీ. ఈడ" అన్నాడు.